సేవకు మూడు పేర్లు

మన తెలుగు ఇండ్లలో ‘సర్వీసు’ అను మాటకు ఎన్ని అర్థములున్నవో లెక్కించి చూచినచో వింతగా తోచును. ఊరికి వచ్చునది బస్సు సర్వీసు. ఆ బస్సు మొరాయించినప్పుడు చేయించునది సర్వీసింగు. ముప్పది యేండ్లు సర్కారు కొలువు చేసి పింఛను పుచ్చుకొనుచున్న పెద్దమనిషి వేళ్లు మడిచి చెప్పుకొనునది తన సర్వీసు. హోటలులో ఇడ్డెనలు చల్లారి వచ్చినచో బాగులేనిదియు సర్వీసే. ఇవి చాలవన్నట్లు టెన్నిసు ఆటగాడు బంతిని పైకెగురవేసి బలముకొలది కొట్టునదియు సర్వీసే. ఇంగ్లీషువారు ఒక్క మాట నిచ్చిపోయిరి; మనము దానిని వచ్చిన పనికెల్ల వాడుకొనుచున్నాము.

ఇండోనేషియావారు ఇంత పొదుపు పాటింపలేదు. ఈ ఒక్క భావమునకు వారు మూడు వేరు వేరు మాటలు పెట్టుకొనిరి. ఆ మూడింటి వెంట కొంత దూరము నడచినచో జకార్తా వీథులు, అచటి కుర్రకారు పలుకుబడులు, జీవనోపాధిగా ఆడెడి టెన్నిసు ఆట, అన్నియు దారిలో తగులును. నేడు శ్రోతలను ఆ దారినే తీసికొనిపోవలెనని మా ఉద్దేశము.

మొదటి మాట ‘జాస’. అర్థశాస్త్రజ్ఞులు వస్తువులు, సేవలు అని జంటగా చెప్పుదానిని వారు ‘బారాంగ్ దాన్ జాస’ అందురు. ఈ జాస మరేమియు కాదు, మన యశస్సే. సంస్కృతము సముద్రము దాటి ఆ ద్వీపములకు పోయినప్పుడు అనేక పదములు వేషము మార్చుకొన్నవి. భాష ‘బహాస’ యైనది. స్వామి ‘సువామి’ యై భర్తకు పేరైనది. స్త్రీ ‘ఇస్త్రి’ యై భార్యకు పేరైనది. మనకు ఇస్త్రీ యనగా మడత నలగని చొక్కా తోచును. వారికి ఇల్లాలు తోచును. అట్లే యశస్సు జాసయై, మొదట కీర్తియు, పిదప కీర్తి తెచ్చెడి సత్కార్యమును, ఆ పిదప పరులకు చేసిన ఏ మేలైనను, తుదకు రుసుము పుచ్చుకొని చేసెడి ఏ పనియైనను అను నర్థములలోనికి మెట్లు దిగి వచ్చినది. అన్ని మెట్లును నేటికిని వాడుకలో నుండుట విశేషము. ప్రభుత్వము ఇచ్చెడి పతకమునకు ‘తాండా జాస’ యని పేరు, అనగా యశశ్చిహ్నము. రహదారులపై సుంకము వసూలు చేసెడి ప్రభుత్వ సంస్థ 1978లో ఏర్పడినది. దాని పేరు ‘జాస మార్గ’. యశోమార్గమని మనము మురిసిపోవచ్చును గాని, అచటి బండివాడు దాని ద్వారమున జేబు తడుముకొనుచు అట్టి మురిపెమును పొందడు. ఇక విద్యుత్‌స్తంభములకు అంటించిన చిన్న చిన్న ప్రకటనలు చూడవలెను. మరుగుదొడ్ల తొట్టెలను యంత్రముతో తోడి శుభ్రపరచెడివారు టెలిఫోను సంఖ్య వ్రాసి, పైన తమ పనిపేరు పెట్టుదురు. అక్కడను జాసయే. కాళిదాసు మొదలు కవులందరును రాజులకు కట్టబెట్టిన యశస్సు ఈ స్తంభముల మీద తొట్టెలు తోడువానికి దక్కినది. ఇందులో మాకు నవ్వు రాలేదు. సంస్కృతము ఎక్కడికో పోయి మంచి పనియే చేసినదనిపించినది.

రెండవ మాట ‘లాయానాన్’. ఇది అచ్చమైన మలయ పదము. ఎదుట నిలిచి కావలసినది అందించుట అని దీని భావము. ఆసుపత్రి కిటికీ యొద్దను, బ్యాంకు బల్ల యొద్దను, భోజనశాలలోను జరుగునది లాయానాన్. వడ్డించువాడు ‘పెలాయాన్’. మూడవది ‘సెర్విస్’. ఇది డచ్చివారి పాలనలో వచ్చి చేరినది. మోటారు సైకిలు బాగుచేయించుట సెర్విస్; టెన్నిసులోను, బ్యాడ్మింటనులోను ఆట ప్రారంభించు దెబ్బ కూడ సెర్విస్. ఈ రెంటికిని సంబంధమేమని అడుగరాదు. మన సర్వీసులకు మాత్రము ఏమి సంబంధమున్నది?

జకార్తా వీథులలో నిత్యజీవితమునకు కావలసిన పనులెల్ల ఇంటి గుమ్మము ముందుకే వచ్చును. పనివానిని ‘తుకాంగ్’ అందురు. కూరలమ్మువాడు ఒక తుకాంగ్, చెప్పులు కుట్టువాడు ఒక తుకాంగ్. వీరు కేక వేయ నక్కరలేదు, శబ్దమే చిరునామా. రాత్రి వేళ వేపుడన్నము బండివాడు బాణలిని గరిటెతో ‘తెక్ తెక్’ మనిపించును. ఆ అన్నమునకు అదే పేరైనది. వెదురు గొట్టములలో పిండి ఉడికించు ‘పుతు’ మిఠాయివాని బండినుండి ఆవిరి సన్నని యీలగా కూయుచుండును. మాంసపు ఉండల పులుసు అమ్మువాడు చెంచాతో గిన్నెను మోగించును. మన యూళ్లలో సోడాబండి గోలీ చప్పుడును, ఐసుబండి గంటయు ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

వానకాలములో మరియొక విచిత్రమైన వృత్తి కనబడును. అంగడి మెట్ల మీద జనము తడియలేక నిలిచియుండగా, పిల్లలు పెద్ద పెద్ద గొడుగులతో పరుగెత్తి వచ్చి, గొడుగును మన చేతికిచ్చి, తాము తడియుచు వెనుక నడచి, బండి యెక్కు చోట గొడుగును, నాలుగు డబ్బులను పుచ్చుకొని పోవుదురు. దీనికి ‘ఓజెక్ పాయుంగ్’ అని పేరు. ఓజెక్ అనగా బాడుగ మోటారు సైకిలు. పాయుంగ్ అనగా గొడుగు. గొడుగు అద్దెకిచ్చువాడు గొడుగు క్రింద లేకపోవుట ఈ వృత్తి యొక్క లక్షణము.

ఇక నడివీథిలో బండి వెనుకకు తిప్పుకొనవలెనన్నచో ‘పాక్ ఓగాహ్’ సహాయము కావలెను. ఇతడు పోలీసు కాడు, ఎవరి ఉద్యోగియు కాడు. తనంత తాను కూడలిలో నిలిచి ఎదురు బండ్లను చేయెత్తి ఆపును. ఆ మేలునకు బండి కిటికీ నుండి ఒక నాణెము ఆశించును. ఈ పేరు ఒక బొమ్మలాటది. 1981లో ఇండోనేషియా ప్రభుత్వ టెలివిజనులో పిల్లలకొరకు తోలుబొమ్మల వంటి చేతిబొమ్మల కథ ఒకటి ప్రారంభమైనది. అందులో పాక్ ఓగాహ్ అను బోడితల సోమరి కాపలా పాకలో కూర్చుండి, ఏ పని చెప్పినను ముందుగా ‘చెపెక్’ ఇమ్మనును. చెపెక్ అనగా నూరు రూపియా. ఆ బొమ్మ పేరు నేటికిని వీథిలో నిలిచియున్నది గాని, నూరు రూపియాకు నేడు ఏమియు రాదు.

చెపెక్ అను మాట చైనా దేశపు హొక్కియన్ మాండలికము నుండి వచ్చినది. జకార్తా అంగళ్లలో చైనా వర్తకుల లెక్కలు అందరి నోటను నాటుకొన్నవి. గోపెక్ అనగా ఐదు వందలు, గోచెంగ్ ఐదు వేలు, చెబాన్ పదివేలు, గోబాన్ ఏబది వేలు. శ్రోతలు ఈ గోబాన్ అను మాటను కొంచెము గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని యున్నది.

కుర్రకారు పలుకుబడులు అచట ఒక ప్రత్యేకమైన భాషయే. చిన్ననాట మనలో ‘క’ భాష ఆడనివారు అరుదు. ప్రతి అక్షరమునకు ముందు ‘క’ చేర్చి పెద్దలకు తెలియకుండ మాటలాడుట మన పిల్లలకు తెలిసిన విద్యయే. జకార్తా రౌడీలు ఇట్టిదే ఒకటి కల్పించిరి. మాటను మొదటి భాగము వరకు త్రుంచి, దాని నడుమ ‘ఓక్’ అను శబ్దమును దూర్చుదురు. తండ్రి ‘బపాక్’, అది ‘బోకాప్’ అయ్యెను. రౌడీకి ‘ప్రెమన్’ అని పేరు. అది ‘ప్రోకెమ్’ అయి ఆ రహస్యభాషకే పేరైనది. పిమ్మట విద్యార్థులు దానిని అందిపుచ్చుకొనిరి; నేడు మంచి కుటుంబముల పిల్లలు సైతము తండ్రిని మిత్రుల యెదుట బోకాప్ అనుచున్నారు. తూర్పు జావాలోని మలాంగ్ నగరమువారిది మరియొక పద్ధతి. వారు మాటనే తలక్రిందులు చేయుదురు. మలాంగ్ ‘ఙలామ్’ అగును. ఆ యూరి కుర్రవాడు ‘ఆరెక్’, తిరుగవేసినచో ‘కెరా’. కెరా యనగా కోతి. ఐనను వారు ఆ బిరుదును గర్వముగానే ధరింతురు.

ఈ ప్రెమన్ అను మాట చరిత్ర మాకు మిక్కిలి నచ్చినది. అది డచ్చి భాషలో ‘స్వేచ్ఛగల మనిషి’ అను నర్థముగల మాటనుండి పుట్టినది. ఒకరి కొలువులో లేనివాడు, ఎవరికిని కట్టుబడనివాడు అని దాని మొదటి భావము. వినుటకు ఎంత గౌరవముగా నున్నది! కాని కొలువు లేని స్వేచ్ఛ వీథిలో ఏమి తిని బ్రదుకవలెను? కాలక్రమమున ఆ మాట బెదిరించి డబ్బు గుంజువానికి పేరైనది. ఇక కొలువు దొరికినవారి సంగతికి వేరొక మాట కలదు: ‘గాబుత్’. ‘గాజీ బుతా’ అను రెండు మాటల కుదింపు అది; అనగా గ్రుడ్డి జీతము. పనిచేయకయే వచ్చు జీతమని అర్థము. ఇప్పుడు పనిలేక గోళ్లు గిల్లుకొనుచున్న ప్రతి కుర్రవాడును తాను గాబుత్ అని చెప్పుకొనును. జీతపు భాగము ఎక్కడనో జారిపోయినది.

ఇట్టి కుదింపులలో నేడు అన్నిటికంటె ఎక్కువగా వినబడునది ‘ఓజోల్’, అనగా ఆన్‌లైను ఓజెక్. 2010లో జకార్తాలో గోజెక్ అను సంస్థ ఇరువది మంది మోటారు సైకిలు వారితో, టెలిఫోను పిలుపులు అందుకొనుచు ప్రారంభమైనది. 2015 జనవరిలో అది చేతిఫోను ద్వారా పిలుచుకొను పద్ధతిని పెట్టెను. అటుపిమ్మట పచ్చకోటు తొడిగిన బండివారు ఆ దేశపు వీథులను నింపివేసిరి. మనుష్యులను దింపుట, అన్నము తెచ్చుట, పొట్లములు చేర్చుట, ఒకప్పుడు ఒళ్లుపట్టు వారిని ఇంటికి పంపుట కూడ ఆ ఫోనులోనే జరిగెను. ఈ చివరిదానిని 2020లో మానివేసిరి.

వారి మధ్య పుట్టిన భాషను వినవలెను. ఆర్డరు కొరకు ఒకచోట బండి ఆపుకొని కాచుకొనుట ‘ఙెతెమ్’. ఎంత కాచుకొన్నను ఫోను మోగని దినము ‘అన్యెప్’. జావా భాషలో చల్లారినదని దాని అర్థము. రాత్రులు మాత్రమే తిరుగువాడు ‘కలొంగ్’, అనగా పెద్ద గబ్బిలము. ఉన్న చోట ఉండి మరియొక చోట ఉన్నట్లు యంత్రమును మభ్యపెట్టు దొంగకిటుకును ‘తుయుల్’ అందురు. తుయుల్ అనగా యజమాని కొరకు పరుల డబ్బు ఎత్తుకొని వచ్చెడి పిల్లదయ్యము. మన పల్లెలలోని కథలు విన్నవారికి దానిని పరిచయము చేయ నక్కరలేదు. ఇక ఆర్డరు మీద ఆర్డరు వచ్చి పడుచున్న అదృష్టశాలి ‘గచోర్’. ఈ మాట పిట్టల పందెములది. జావాలో పంజరపు పక్షులకు పాటల పోటీలు పెట్టుదురు. గ్రుక్క తిప్పుకొనక కూయుచుండు పిట్ట గచోర్. ఫోను ఆగక మోగినవాడును గచోరే. గోలు మీద గోలు కొట్టు ఫుట్‌బాలు ఆటగాడును గచోరే.

ఇక మూడవ మాటయైన సెర్విస్‌తో టెన్నిసు మైదానములోనికి పోవలసియున్నది. సేవ చేయువానిదే పైచేయి యైన చోటు ప్రపంచములో ఇదొక్కటే యేమో. పురుషుల అగ్రశ్రేణి ఆటలో ఎవడు సర్వీసు చేయునో ఆ గేమును వాడే గెలుచుట సామాన్యము. ఎదుటివాడు గెలిచినచో అది విరుపని లెక్క. అంతేకాదు, మొదటి బంతి తప్పిపోయినచో రెండవ బంతి కొట్టుకొనుటకు నియమము అనుమతించును. ఒక్క తప్పును ముందుగానే క్షమించి పెట్టిన వృత్తులు మరి యెన్ని యున్నవో శ్రోతలే ఆలోచింపవచ్చును.

1968 ఏప్రిలులో ఇంగ్లండు దేశపు బోర్న్‌మత్‌లో జరిగిన పోటీకి ముందు, డబ్బు పుచ్చుకొని ఆడువారిని పెద్ద పోటీలలోనికి రానిచ్చెడివారు కారు. 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనలు వరకు పోయిన మన రామనాథన్ కృష్ణన్ ఆ పాతకాలపు ఆటగాడే. డబ్బు కొరకు ఆడు బృందమునకు రమ్మని పిలుపు వచ్చినను ఆయన పోలేదు. 1968 తరువాత గోడ కూలినది. ఇండోనేషియాకు చెందిన యయుక్ బసుకి 1991లో థాయ్‌లాండులోని పటాయాలో వృత్తిపోటీ గెలిచి, 1997లో వింబుల్డన్ క్వార్టరు ఫైనలు చేరి, ప్రపంచములో 19వ స్థానము వరకు ఎదిగెను. 2001లో ఏంజెలిక్ విజయ వింబుల్డన్ బాలికల పోటీ గెలిచెను. ఈమె యింటిపేరు మన విజయయే. ఆ పిదప చాల కాలము ఆ దేశపు పేరు పెద్ద పోటీల సింగిల్సులో వినబడలేదు.

2025 ఆగస్టు చివరి వారములో మరల వినబడెను. జకార్తాలో పుట్టి, అమెరికా విశ్వవిద్యాలయములలో చదువుచు ఆడి, చిన్న చిన్న పోటీలను ఒకటొకటిగా గెలుచుకొనుచు వచ్చిన జానిస్ చెన్ అను యువతి న్యూయార్కులో అర్హతపోటీలు దాటి, మొదటి రౌండులో 24వ సీడు క్రీడాకారిణిని ఓడించెను. ఇండోనేషియా వనిత ఒకతె గ్రాండ్‌స్లామ్ సింగిల్సులో ఒక మ్యాచి గెలుచుట 2003 తరువాత అదే మొదలు. ఆ నవంబరులో ఆమె మన చెన్నపట్టణమునకే వచ్చి, అచటి పోటీలో విజేత యయ్యెను.

పత్రికలలో ఈ కథ ఇంతటితో ముగియును. మాకు మాత్రము నడుమనున్న ‘చిన్న చిన్న పోటీలు’ అను మాట దగ్గర ఆగవలెననిపించినది. అట్టి పోటీలలో అన్నిటికంటె క్రింది మెట్టు దానికి మొత్తము బహుమానము 15,000 డాలర్లు. ముప్పదిమందికి పైగా ఆడువారు పంచుకొనవలసిన సొమ్ము అది. విమానపు ఖర్చు, బస, భోజనము, బ్యాటుకు తంతులు బిగించు కూలి, అన్నియు ఆడువారివే. అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2013 సంవత్సరపు లెక్కలు తీసి చూడగా, పోటీలలో దిగిన వేలాదిమందిలో సగమునకు కొంచెము తక్కువగా ఉన్నవారికి ఆ యేడు ఒక్క డాలరు కూడ బహుమానము రాలేదు. పెట్టిన ఖర్చు రాబట్టుకొనవలెనన్నచో పురుషులలో 336వ స్థానము, స్త్రీలలో 253వ స్థానము వరకైనను ఉండవలెను. శిక్షకుని జీతము ఆ లెక్కలో చేరదు. అదే సమయమున పై అంతస్తు చూడుడు: 2025లో న్యూయార్కు పోటీలో మొదటి రౌండులోనే ఓడిపోయినవారికి 1,10,000 డాలర్లు ముట్టినవి. ఆడిన ఆట ఒక్కటే, పట్టిన బ్యాటు ఒక్కటే. ప్రపంచములో మూడువందలవ వడ్రంగికి గాని, మూడువందలవ వైద్యునికి గాని ఇట్టి ఇబ్బంది లేదు.

ఈ ఆటగాండ్రు ఎవరి ఉద్యోగులును కారు. చట్టము దృష్టిలో వారు స్వతంత్ర గుత్తదారులు. గాయపడి మంచము పట్టినచో జీతము లేదు. ఏబదిరెండు వారములు గడచినంతనే పాత గెలుపులకు వచ్చిన అంకెలు లెక్కలోనుండి రాలిపోవును. 2025 మార్చిలో ఆటగాండ్ర సంఘము ఒకటి న్యూయార్కు న్యాయస్థానములో పోటీల నిర్వాహకులపై వ్యాజ్యము వేసినది. ఆ యేడే వింబుల్డనులో గీతల యొద్ద నిలిచి ‘ఔట్’ అని కేకవేయు మనుష్యులు, 147 యేండ్ల పిదప, లేకపోయిరి. యంత్రమే చూచి యంత్రమే పలికెను. ఒక మ్యాచిలో ఎవరో ఆ యంత్రమును పొరపాటున ఆపియుంచుటచే, గీత దాటి పడిన బంతిని అది చూడలేదు. అంపైరు ఆ పాయింటును మరల ఆడించెను; అది పోయిన క్రీడాకారిణి అతనితోనే మొరపెట్టుకొనెను.

ఇక పచ్చకోటు వారి యొద్దకు మరల వచ్చినచో, వారిని కంపెనీలు ఏమని పిలుచునో చెప్పవలసియున్నది. ఉద్యోగికి ఆ దేశములో ‘కార్యవాన్’ అను చక్కని పేరున్నది, కార్యము గలవాడు. ఓజోల్ వానికి ఆ పేరు లేదు. అతడు ‘మిత్ర’. మన మిత్రుడే. సంస్కృతమున స్నేహితుడు, ఇండోనేషియా భాషలో భాగస్వామి. మన హైదరాబాదులో భోజనపు పొట్లము తెచ్చు కుర్రవానిని ‘పార్ట్‌నర్’ అనుట కూడ ఇట్టిదే. బండి మిత్రునిది, పెట్రోలు మిత్రునిది, ఫోను మిత్రునిది. వచ్చిన దానిలో ఒక భాగము కంపెనీది. 2009 నాటి అచటి రహదారి చట్టము మోటారు సైకిలును ప్రజారవాణా వాహనముగా గుర్తింపలేదు. 2015 డిసెంబరులో రవాణా మంత్రి ఈ బండ్లను నిషేధించెను. దేశమంతట గోల పుట్టగా మరునాడే ఆ నిషేధమును ఎత్తివేసిరి. బండ్లు లేనిదే ఒక దినము కూడ గడవదని ప్రభుత్వమునకు తెలిసినది గాని, వారు ఎవరి మనుష్యులో తేల్చుటకు పదేండ్లు చాలలేదు.

ఆ దేశములో రంజాను పండుగకు ఉద్యోగులకు ఒక నెల జీతము అదనముగా ఇచ్చుట చట్టము. మిత్రులకు అది వర్తింపదు. 2025 మార్చిలో అధ్యక్షుడు స్వయముగా ప్రకటించి, ఓజోల్ వారికిని పండుగ బహుమానము ఇవ్వవలసినదని కంపెనీలను కోరెను. బహుమానము వచ్చినది. బాగుగా తిరిగినవారికి ఎక్కువ వచ్చినను, ఎందరో ఫోను తెరచి చూచుకొనగా కనబడిన మొత్తము ఒక్క గోబాన్. ఏబది వేల రూపియా. మన రూపాయలలో మూడు వందలు కూడ కావు. మే 20న వారు ఫోనులు కట్టివేసి, జకార్తాలోను ఇతర నగరములలోను వీథులకెక్కి, కంపెనీ తీసికొను భాగమును నూటికి ఇరువది నుండి పదికి తగ్గింపవలెనని అడిగిరి.

ఆగస్టులో పార్లమెంటు సభ్యులకు ఇంటి అద్దె నిమిత్తము నెలకు ఐదు కోట్ల రూపియా ఇచ్చుచున్నారని బయటపడెను. అనగా గోబానులు వేయి. జనము పార్లమెంటు ఎదుట చేరిరి. జానిస్ చెన్ న్యూయార్కులో ఆడిన ఆ వారమే, ఆగస్టు 28 రాత్రి, ఆ గుంపుల నడుమ ఇరువదియొక్క యేండ్ల ఓజోల్ కుర్రవాడొకడు పోలీసుల కవచవాహనము క్రిందపడి మరణించెను. మరునాడు వేలాది పచ్చకోటులు అతని వెంట శ్మశానము వరకు పోయినవి. పార్లమెంటువారు ఆ యింటి భత్యమును ఆ నెల 31వ తేదీతో నిలిపివేసిరి.

జకార్తాలో బండి దిగిన ప్రయాణికురాలు తలపాగా వంటి ఆ టోపీని తిరిగి యిచ్చుచు, ‘బాంగ్’ అని పిలిచి కృతజ్ఞత చెప్పును. బాంగ్ అనగా అన్న. అతడు ఆమెను ‘కాక్’ అనును. తోబుట్టువులలో పెద్దవారికి ఆ పేరు. వయస్సులో ఎవరు పెద్ద అను విచారము ఇద్దరికిని లేదు; మన బజారులోను అన్నా, అక్కా అను పిలుపులకు జన్మపత్రికలు ఎవరు చూచుదురు? ఆ పిదప అతడు కొంచెము జంకుచు ఒక మాట అడుగును: ‘బింతాంగ్ లీమా’. ఐదు నక్షత్రములు. ఆమె మార్కులు వేయుట మరచిపోయినను ఫరవాలేదు గాని, వాన కురియుచు, అన్నము చల్లారి, దారి తప్పిన ఏ రాత్రియో ఎవరైన ఒక్కటే నక్షత్రము నొక్కినచో అది కంపెనీ యంత్రములో అతని పేరిట నిలిచిపోవును. అతనికి రెండవ బంతి లేదు. ఆమె మెట్లెక్కుచు ఐదింటిని నొక్కునో లేదో అతడు చూడడు. అప్పటికే ఫోను మరల మోగియుండును.